అమెరికా సైన్యంలో జాతుల కలయిక దేశ భద్రతకు సంబంధించిన విషయమేనా?

గోదావరి_శ్రీను
అందరికీ నమస్కారం. కొన్నాళ్లుగా నన్ను తొలుస్తున్న విషయం ఒకటి మీ ముందు పెడుతున్నాను. కాలేజీ అడ్మిషన్లలో జాతిని చూడకూడదని 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు హార్వర్డ్ కేసులో తీర్పిచ్చింది. అయితే సైనిక అకాడమీల సంగతి మాత్రం ఇక్కడ తేల్చడం లేదని, వాటి అవసరాలు వేరుగా ఉండొచ్చని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ అదే తీర్పు కింద ఒక చిన్న ఫుట్‌నోట్‌లో రాశారు. 2024 డిసెంబరులో బాల్టిమోర్‌లోని ఫెడరల్ జడ్జి రిచర్డ్ బెన్నెట్, నేవల్ అకాడమీ జాతిని కూడా చూసి సీట్లు ఇవ్వడం దేశ భద్రత కోసమేనని ఒప్పుకుని అకాడమీ వైపు తీర్పిచ్చారు. తర్వాత ప్రభుత్వం మారింది, 2025 మొదట్లోనే ఆ పద్ధతి ఎత్తేశారు. వైవిధ్యమే మన బలం అనే మాటంత తెలివితక్కువ మాట సైనిక చరిత్రలోనే లేదన్నట్టు కొత్త రక్షణ మంత్రి హెగ్సెత్ మాట్లాడారు. ఆ ఫిబ్రవరిలోనే సైన్యంలో అందరికంటే పై హోదాలో ఉన్న నల్లజాతి జనరల్ సి.క్యూ. బ్రౌన్‌ను పదవి నుంచి తీసేశారు.

రెండు నెలల తేడాలో ఒకే దేశం రెండు మాటలు చెప్పింది. ఇందులో దేశ భద్రత నిజంగా ఎంతుంది, రాజకీయం ఎంతుంది? చదువుకున్నవాళ్లు, సైన్యంలో చేసినవాళ్లు చెబితే వినాలని ఉంది.

ఫ్రిస్కో_రమణ
శ్రీను గారూ, నాది సూటి సమాధానం. తూటాకు రంగు తెలియదు. యుద్ధంలో నా పక్కనున్నవాడు గురి చూసి కొట్టగలడా, గాయపడితే నన్ను మోసుకుని రాగలడా అన్నదే ముఖ్యం. ప్రమాణాలు తగ్గించి మనుషుల్ని తీసుకుంటే ఏమవుతుందో వియత్నాం టైంలోనే తేలిపోయింది. 1966లో రక్షణ మంత్రి మెక్‌నమారా "ప్రాజెక్ట్ 100,000" అని మొదలుపెట్టారు. పరీక్షల్లో తప్పినవాళ్లను కూడా చేర్చుకున్నారు, వాళ్లలో దాదాపు 40 శాతం నల్లజాతి కుర్రాళ్లు. పేదలకు అవకాశం ఇస్తున్నామని చెప్పారు. చివరికి మిగతా సైనికుల కంటే వాళ్లే ఎక్కువగా చనిపోయారు. మంచి ఉద్దేశంతో ప్రమాణం సడలిస్తే దాని ఖరీదు కట్టేది ఆ కుర్రాళ్లే. అందుకే నేను ప్రతిభ తప్ప మరేదీ చూడొద్దంటాను.

చరిత్ర_లావణ్య
రమణ గారూ, ప్రాజెక్ట్ 100,000 గురించి మీరన్నది నిజం. అదొక ఘోరం. కానీ అది కింది స్థాయిలో జవాన్లను నింపుకోవడానికి చేసిన పని. ఇప్పటి వాదన అధికారుల గురించి. ఈ రెండూ కలిపేస్తే అసలు విషయం చేజారుతుంది.

ఈ "దేశ భద్రత" వాదన ఏ యూనివర్సిటీ ప్రొఫెసరో కనిపెట్టింది కాదు. 2003లో అడ్మిషన్లలో జాతిని చూడటం మీద మిషిగన్ యూనివర్సిటీ కేసు సుప్రీంకోర్టులో ఉన్నప్పుడు రిటైర్డ్ సైనికాధికారులు, మాజీ రక్షణ శాఖ పెద్దలు కలిసి కోర్టుకు ఒక పత్రం ఇచ్చారు. అందులో నార్మన్ ష్వార్జ్‌కాఫ్ కూడా ఉన్నారు, 1991లో గల్ఫ్ యుద్ధం నడిపినాయన. వీళ్లలో చాలామంది వియత్నాంలో కుర్ర అధికారులుగా పనిచేసి, సైన్యం లోలోపల విరిగిపోవడం కళ్లారా చూసినవాళ్లు. జవాన్లలో నల్లవాళ్లు ఎందరో ఉండగా వాళ్ల మీద ఆజ్ఞలిచ్చే అధికారుల్లో నల్లవాళ్లు 3 శాతం కూడా లేకపోతే సైన్యం నిలబడదని వాళ్లు చెప్పారు. జస్టిస్ ఓకానర్ తీర్పులో ఆ పత్రాన్ని ప్రస్తావించారు.

విరిగిపోవడం అంటే ఏమిటో ఒక్క సంఘటన చెబుతాను. 1972 అక్టోబరు. కిట్టీ హాక్ అనే విమాన వాహక నౌక. నెలల తరబడి సముద్రం మీదే ఉన్నారు, ఇంటికి పోతామనుకుంటే మళ్లీ వియత్నాం తీరంలోని టోంకిన్ సింధుశాఖకు వెళ్లమన్నారు. నాలుగు వేల మందికి పైగా సిబ్బందిలో నల్లజాతి నావికులు సుమారు 300. ఎక్కువమందివి డెక్ మీద, వంటశాలలో పడే పనులు. ఫిలిప్పీన్స్ రేవులో జరిగిన ఒక గొడవ మీద నల్లవాళ్లనే పిలిచి విచారిస్తుంటే అక్టోబరు 12 రాత్రి ఓడ లోపల కొట్లాట మొదలైంది. ఇనుప గొలుసులు, రెంచీలు, చేతికి ఏది దొరికితే అది. డజన్ల మంది గాయపడ్డారు. ఆ రాత్రి గుంపు ఎదురుగా నిలబడి గంటల తరబడి మాట్లాడి శాంతింపజేసింది ఓడలో రెండో స్థానంలో ఉన్న అధికారి, కమాండర్ బెంజమిన్ క్లౌడ్. ఆయన నల్లజాతివాడు. పిడికిలి పైకెత్తి, నేనూ మీవాణ్నే, నా మాట మీద నమ్మకం పెట్టండి అన్నట్టు నిలబడ్డాడు. ఆ రోజు ఆ ఓడలో నల్లజాతి అధికారులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

నెల తిరక్కుండానే కాన్‌స్టెలేషన్ అనే మరో విమాన వాహక నౌకలో 120 మందికి పైగా నావికులు నిరసనకు దిగారు. వాళ్లలో అత్యధికులు నల్లజాతివాళ్లు. వాళ్లను దించడానికి ఓడ శాన్ డియాగోకు తిరిగి రావాల్సి వచ్చింది. తర్వాత మళ్లీ ఎక్కమంటే ఎక్కలేదు. యుద్ధం నడుస్తుండగా విమాన వాహక నౌక శిక్షణ వదిలి రేవుకు తిరిగొచ్చిందంటే అది దేశ భద్రత కాక మరేమిటి?

ఫ్రిస్కో_రమణ
> అది దేశ భద్రత కాక మరేమిటి?

లావణ్య గారూ, మీరు చెప్పిన గొడవలు జరిగాయి, కాదనను. కానీ ఆ రోజుల్లో సైన్యంలో డ్రగ్స్ ఉన్నాయి, ఎవరికీ ఇష్టం లేని యుద్ధం ఉంది, కుర్రాళ్లను బలవంతంగా సైన్యంలో చేర్చే డ్రాఫ్ట్ ఉంది. అమెరికా ప్రతినిధుల సభ సబ్‌కమిటీ ఈ ఓడల గొడవలు విచారించి, క్రమశిక్షణ సడలిపోవడమే కారణమని తేల్చింది. 1973లో డ్రాఫ్ట్ ఎత్తేసి స్వచ్ఛందంగా చేరేవాళ్లతో సైన్యం నడిపాక పరిస్థితి మెరుగైంది కదా. మరి బాగుపడింది అధికారుల్లో రంగులు కలిపినందువల్లా, ఇష్టపడి చేరినవాళ్లు ఉన్నందువల్లా?

చరిత్ర_లావణ్య
రెండింటి వల్లా. ఆ కమిటీ మాట సరే, సైన్యం తనంతట తాను ఏం చేసిందో చూడండి. నేవీ అధిపతి అడ్మిరల్ జుమ్‌వాల్ట్ అడ్మిరళ్లను పిలిచి, ఈ సమస్యను పక్కన పెట్టొద్దని గట్టిగా చెప్పారు. 1971లోనే ఫ్లోరిడాలోని పాట్రిక్ ఎయిర్‌ఫోర్స్ బేస్‌లో జాతి సంబంధాల శిక్షణకు ఒక సంస్థ పెట్టారు. నల్లవాళ్లనే పట్టుకుని శిక్షిస్తున్నారా, పదోన్నతుల్లో వెనక పెడుతున్నారా అని లెక్కలు తీయడం మొదలుపెట్టారు. క్రమశిక్షణ సడలడమే అసలు జబ్బు అయితే ఇవేవీ అక్కర్లేదు, శిక్షలు పెంచితే సరిపోయేది.

ఇంకో సంగతి. "కలిపితే ఐకమత్యం చెడుతుంది" అన్న వాదన 1948లోనూ ఇలాగే వినిపించింది. ఆ ఏడాది జులై 26న అధ్యక్షుడు ట్రూమన్, సైన్యంలో జాతి తేడా లేకుండా అందరినీ సమానంగా చూడాలని 9981 నంబరు ఉత్తర్వు ఇచ్చారు. అప్పట్లో నల్లవాళ్లవి విడి పటాలాలు, వాటి మీద తెల్ల అధికారులు. ఉత్తర్వు ఇచ్చినా ఆర్మీ రెండేళ్లు కదల్లేదు. కొరియా యుద్ధం వచ్చింది, తెల్ల పటాలాల్లో మనుషులు చనిపోతున్నారు, పక్కనే నల్ల సైనికులు ఖాళీగా ఉన్నారు. కమాండర్లు గత్యంతరం లేక కలిపేశారు. కలిసిన పటాలాలు బాగానే పోరాడాయని అధ్యయనాల్లో తేలింది. 1954 కల్లా విడి పటాలాలు లేకుండా పోయాయి. ఐకమత్యం చెడలేదు.

మాజీ_సుబేదార్_శ్రీకాకుళం
నేను మద్రాస్ రెజిమెంట్‌లో పనిచేసి రిటైరయ్యాను. అమెరికా సంగతి నాకు అంతగా తెలియదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. జవాను రోజూ ఆలోచించేది మా అధికారి నా జాతివాడా అని కాదు. సెలవు అడిగితే నాకు ఒకలాగ, ఇంకొకడికి ఒకలాగ చూస్తున్నాడా? తప్పు జరిగితే ముందు నా వైపే చూస్తున్నాడా? ఇవే చూస్తాడు. ఈ రెండింట్లో తేడా కనపడిన రోజున జవాను మనసు చెదురుతుంది. లావణ్యమ్మ చెప్పిన ఓడ గొడవలో కూడా మూలం అదే అని నాకు అనిపిస్తోంది, నల్లవాళ్లనే పిలిచి విచారించడం.

మా దగ్గర రెజిమెంట్లు ప్రాంతాల వారీగా, కులాల వారీగా ఉంటాయి. కానీ అధికారి ఎక్కడివాడైనా రావచ్చు, వచ్చినవాడు జవాన్ల భాష నేర్చుకోవాలి. పంజాబ్ నుంచి, బెంగాల్ నుంచి వచ్చిన అధికారులు మాతో తమిళం, మలయాళం, తెలుగు కలగలిపి మాట్లాడేవారు, "వీర మద్రాసి అడి కొల్లు" అని మాతో పాటే అరిచేవారు. గల్వాన్‌లో 2020 జూన్‌లో చనిపోయిన కర్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేటవాడు, మా కోరుకొండ సైనిక స్కూల్లో చదివాడు. ఆయన నడిపింది 16 బిహార్ పటాలాన్ని. ఆ జవాన్లు ఆయన వెనక వెళ్లారు, ఆయన తెలుగువాడని చూడలేదు.

ఫ్రిస్కో_రమణ
సుబేదార్ గారూ, నేను అనేదీ ఇదే! న్యాయంగా చూస్తే చాలు, అధికారి ఏ జాతివాడైనా ఫర్వాలేదు.

నల్గొండ_సైదులు
రమణ అన్నా, ఒక్క నిమిషం. సుబేదార్ సార్ చెప్పింది మన దేశంలో ఎట్లా నడిచిందో. అది ఊరికే నడవలే. తెలుగోడు బిహార్ పటాలానికి కర్నల్ కావచ్చు అన్న దారి తెరిచి ఉండబట్టి నడిచింది. ఆ దారి మూసుకున్న దేశం పక్కనే ఉంది గదా.

పాకిస్తాన్‌ల 1971కి ముందు జనాభాల సగానికంటే ఎక్కువ బెంగాలీలు. సైన్యంల మాత్రం పిడికెడు. యుద్ధజాతులు, యుద్ధజాతులు కానివాళ్లు అని తెల్లోడు రాసిపోయిన పట్టికనే వాళ్లు నమ్మిన్రు. బెంగాలోడు పొట్టిగుంటడు, కొట్లాడలేడు అనుకున్నరు. 1970 ఎన్నికల్ల అవామీ లీగ్ గెలిస్తే అధికారం ఇయ్యలే. మార్చి 25 రాత్రి సొంత ప్రజల మీదికే సైన్యాన్ని వదిలిన్రు. అప్పుడు ఈస్ట్ బెంగాల్ రెజిమెంట్ పటాలాలు తిరగబడ్డయి. చిట్టగాంగ్‌ల మేజర్ జియావుర్ రహమాన్ తన పటాలాన్ని తీసుకొని తిరుగుబాటు చేసిండు. డిసెంబరుకల్లా దేశం రెండు ముక్కలైంది. సైన్యం అందరిదీ అనిపించకపోతే దేశం సంగతి ఏమైతదో దీనికంటే పెద్ద ఉదాహరణ ఏముంది?

ఇదే పట్టిక వల్లనే మన తెలుగోళ్లను కూడా పాత మద్రాస్ సైన్యంకెళ్లి తగ్గించుకుంట పోయిన్రు. ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీకి దక్షిణాదిని గెలిచి పెట్టినోళ్లల్ల మనోళ్లు బాగానే ఉండె.

మాజీ_సుబేదార్_శ్రీకాకుళం
సైదులు బాబూ, బాగా చెప్పావు. దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. ఒకే వర్గం వాళ్లతో పటాలం ఉంటే ఊపు ఎక్కువ, ప్రమాదం కూడా ఎక్కువే. 1984లో స్వర్ణ దేవాలయం మీద సైనిక చర్య జరిగిన కబురు తెలియగానే రామ్‌గఢ్ సిఖ్ రెజిమెంటల్ సెంటర్‌లో జవాన్లు తిరగబడ్డారు. కమాండెంట్ బ్రిగేడియర్ పురీని చంపేశారు. అప్పుడు మా యూనిట్లలో ఎంత టెన్షనో మాటల్లో చెప్పలేను. ఇప్పుడు అగ్నిపథ్ వచ్చాక అన్ని వర్గాలనూ కలిపే పద్ధతి వైపు వెళ్తున్నారు. దాని మీద నాకూ అనుమానాలు ఉన్నాయి, అది వేరే దారంలో మాట్లాడుకుందాం.

మోడరేటర్
అగ్నిపథ్ మీద ఇప్పటికే ఒక దారం నడుస్తోంది, దయచేసి ఆ చర్చ అక్కడ. ఇక్కడ అమెరికా విషయానికే పరిమితం అవుదాం.

అట్లాంటా_పద్మ
నేను నర్సును, మా దగ్గరికి మాజీ సైనికులు చాలామంది వస్తుంటారు. మీరందరూ పెద్ద పెద్ద యుద్ధాల గురించి మాట్లాడుతున్నారు. నేను గడ్డం గురించి చెబుతాను.

నల్లజాతి మగవాళ్లలో చాలామందికి వెంట్రుక రింగులు తిరిగి ఉంటుంది. నున్నగా గీస్తే కొన మొన తేలి, పెరిగేటప్పుడు వంగి మళ్లీ చర్మంలోకే గుచ్చుకుంటుంది. మెడ మీద, దవడ కింద గట్టిగా బుడిపెలు, చీము, తర్వాత నల్లటి మచ్చలు. రోజూ గీస్తే రోజూ పుండు మీద పుండు. దీనికి సరైన మందు గీయకపోవడమే. అందుకే సైన్యంలో డాక్టరు రాసిస్తే కొద్దిగా గడ్డం ఉంచుకోనిచ్చేవారు. 2025లో రూలు మార్చారు. ఏడాదికి మించి ఆ మినహాయింపు కావాల్సినవాళ్లను సైన్యం నుంచి పంపేసే వీలు పెట్టారు. రూలులో జాతి పేరు ఎక్కడా లేదు. దెబ్బ మాత్రం ఎవరి మీద పడుతుందో నాకు రోజూ కనిపించే మెడలే చెబుతాయి.

పదేళ్లు ట్రైనింగ్ ఇచ్చిన మెకానిక్‌ను మెడ మీద బుడిపెల కోసం ఇంటికి పంపితే నష్టం ఎవరికి? ఆ రూలు రాసే టేబుల్ దగ్గర ఆ బాధ పడ్డవాడు ఒక్కడున్నా గట్టిగా అడ్డుపడేవాడు. అధికారుల్లో అందరూ ఉండాలి అంటే నాకు అర్థమైంది ఇదే.

ఫ్రిస్కో_రమణ
పద్మ గారూ, గ్యాస్ మాస్క్ ముఖానికి గట్టిగా అతుక్కోవడం కోసం గడ్డం వద్దంటారు కదా. దానికి కారణం ఉంది.

అట్లాంటా_పద్మ
రమణ గారూ, ఆ కారణం అబద్ధమని నేననను. కానీ స్పెషల్ ఫోర్సెస్ వాళ్లు అఫ్ఘానిస్థాన్‌లో ఏళ్ల తరబడి గడ్డాలతోనే యుద్ధం చేశారు. 2017లో సిక్కులకు ఆర్మీ తలపాగా, గడ్డం అనుమతించింది. అవసరమైతే దారి కనిపెట్టగలరు. ఎవరి అవసరం కోసం కనిపెడుతున్నారు అన్నదే నా ప్రశ్న.

సార్జెంట్_మధు
ఈ దారం చదివి అకౌంట్ తెరిచాను. నేను హైదరాబాద్‌లో చదువుకుని స్టూడెంట్ వీసా మీద వచ్చి, మావ్నీ అనే స్కీమ్ ద్వారా ఆర్మీలో చేరాను. 2009లో మొదలైంది. గ్రీన్ కార్డు లేకపోయినా సైన్యానికి కావాల్సిన భాషో, వైద్య నైపుణ్యమో ఉంటే చేర్చుకుని పౌరసత్వం ఇచ్చేవారు. నేను హిందీ పరీక్ష మీద వచ్చాను. సుమారు 10,000 మంది అలా చేరారు. 2016లో భద్రతా తనిఖీల కారణం చెప్పి ఆపేశారు. కాంట్రాక్టు మీద సంతకం చేసి ట్రైనింగ్ పిలుపు కోసం ఎదురుచూస్తూ వీసా అయిపోయిన కుర్రాళ్లు నాకు తెలుసు. వాళ్ల గురించి తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

రమణ గారికి ఒక చరిత్ర చెప్పాలి, మా యూనిట్‌లో మాకు చెప్పినది. 1944, బర్మాలో న్పుమ్ గా అనే కొండ ఊరు. మెరిల్స్ మరాడర్స్ అనే అమెరికా దళంలోని ఒక బెటాలియన్‌ను జపాన్ సైన్యం చుట్టుముట్టింది. వాళ్లలో రాయ్ మాత్సుమోతో అని జపాన్ మూలాలున్న అమెరికా సైనికుడు ఉన్నాడు. రాత్రిళ్లు పాకుకుంటూ శత్రువు గుంటల దాకా వెళ్లి వాళ్ల మాటలు వినేవాడు. ఒక రాత్రి, తెల్లవారగానే ఏ వైపు నుంచి దాడి చేయబోతున్నారో విన్నాడు. అమెరికన్లు ఆ వైపు గుంటలు ఖాళీ చేసి, పేలుడు ఉచ్చులు పెట్టి పైన కాచుకున్నారు. మొదటి వరస కూలాక వెనకవాళ్లు ఆగిపోతే మాత్సుమోతోయే లేచి జపనీస్‌లో ముందుకు దూకమని ఆజ్ఞ అరిచాడు. వాళ్లు తమ అధికారే అనుకుని వచ్చి తుపాకుల ఎదుట పడ్డారు. బెటాలియన్ బతికింది.

ఆ మనిషిని సైన్యం తీసుకున్నది ముళ్లకంచె శిబిరం నుంచి. 1942లో అమెరికా ప్రభుత్వం సుమారు 1,20,000 మంది జపాన్ మూలాలవాళ్లను భద్రతకు ముప్పు అని బంధించింది, వాళ్లలో అతనూ ఒకడు. జాతిని చూసి అనుమానించినందుకు దేశానికి ఏ లాభం రాలేదు, ఆ జాతివాణ్ని పక్కన నిలబెట్టుకున్నందుకు ఒక బెటాలియన్ దక్కింది.

గోదావరి_శ్రీను
మధు గారూ, ఇది నేను ఎప్పుడూ వినలేదు. ధన్యవాదాలు. రమణ గారూ, ఇంత విన్నాక మీ మాటేమిటి?

ఫ్రిస్కో_రమణ
నా మాట అక్కడే ఉంది, కొంచెం విడమరిచి చెబుతాను. సైన్యంలో అందరికీ చోటుండాలి, శిక్షల్లో, పదోన్నతుల్లో వివక్ష ఉండకూడదు, భాషలు తెలిసినవాళ్లు కావాలి. వీటిలో ఒక్కదానికీ నేను అడ్డం కాదు. ఆర్మీ అకాడమీ వెస్ట్ పాయింట్‌లో సీటు దగ్గర ఇద్దరు పిల్లలు నిలబడితే జాతిని బట్టి ఒకరికి మొగ్గు చూపడం మాత్రం నాకు నచ్చదు. మన తెలుగు పిల్లలే అటువైపు వెళ్తే ఏషియన్ అని పక్కన పెడతారేమోనన్న భయం నాకుంది. హార్వర్డ్ కేసు నడిచిందే ఏషియన్ పిల్లల పేరు మీద.

చరిత్ర_లావణ్య
రమణ గారూ, ఆ భయం న్యాయమైనదే, తేలిగ్గా తీసేయను. సీటు దగ్గర మొగ్గు చూపడం ఒక్కటే దారి అని నేనూ అనడం లేదు. నల్లజాతి కాలేజీల్లో ఆర్‌ఓటీసీ (కాలేజీ చదువుతో పాటే సైనికాధికారి శిక్షణ) యూనిట్లకు డబ్బు పెట్టడం, పేద ఊళ్ల పిల్లలకు ప్రిపరేటరీ స్కూళ్లు నడపడం లాంటివి ఉన్నాయి. కానీ ఒక విషయం మర్చిపోవద్దు. కంపెనీలు సీఈఓను బయటి నుంచి తెచ్చుకుంటాయి. జనరల్‌ను బయటి నుంచి తేలేరు. ఈరోజు లెఫ్టినెంట్‌గా చేరినవాళ్లలో నుంచే ముప్పై ఏళ్ల తర్వాత జనరల్ రావాలి. ఈరోజు మానేస్తే 2055లో ఆ లోటు కనపడుతుంది, అప్పుడు సరిచేసుకోవడానికి వీలుండదు.

2020లో చూస్తే నాలుగు నక్షత్రాల స్థాయి అధికారులు 41 మంది, నల్లజాతివాళ్లు ఇద్దరే. చేరినవాళ్లే తక్కువ అంటే సగం నిజం. చేరినవాళ్లు కూడా ఎక్కువగా సరఫరాలు, రవాణా, పరిపాలన శాఖల్లోకి వెళ్తారు. బయట ఉద్యోగానికి పనికొస్తుందని ఇంట్లోవాళ్లు అటే వెళ్లమంటారు. ఆర్మీలో జనరళ్లు ఎక్కువగా వచ్చేది పదాతి దళం, ట్యాంకులు, ఫిరంగుల శాఖల నుంచి. అంటే ఇరవై ఏళ్ల వయసులో శాఖ ఎంచుకున్న రోజే యాభై ఏళ్ల వయసు హోదా సగం ఖాయమైపోతుంది.

శిక్షల సంగతి కూడా చూడండి. అక్కడి ఎయిర్‌ఫోర్స్ ఇన్‌స్పెక్టర్ జనరలే 2020 డిసెంబరులో నివేదిక ఇచ్చారు. కింది స్థాయి నల్లజాతి సిబ్బంది కోర్ట్ మార్షల్‌కు వెళ్లే అవకాశం తెల్లవాళ్లకంటే 57 శాతం ఎక్కువని అందులో ఉంది. సుబేదార్ గారు చెప్పిన "ముందు నా వైపే చూస్తున్నాడా" అన్న ప్రశ్న ఇంకా అక్కడే ఉంది.

మాజీ_సుబేదార్_శ్రీకాకుళం
57 శాతమా? అది చిన్న తేడా కాదమ్మా. అలాంటి యూనిట్‌లో కమాండింగ్ ఆఫీసర్‌కు నిద్ర పట్టకూడదు.

అట్లాంటా_పద్మ
లావణ్య గారూ, మీరు శాఖల గురించి రాసింది చదివి అడుగుతున్నాను. మా పెద్దవాడు కాలేజీలో ఆర్‌ఓటీసీ చేస్తున్నాడు, వచ్చే ఏడాది శాఖల లిస్టు ఇవ్వాలి. మా ఆయన సైబర్ పెట్టమంటున్నారు, వాడు ఇన్‌ఫాంట్రీ అంటున్నాడు. తల్లిగా నాకు సైబరే మేలనిపిస్తోంది. మధు బాబూ, మీరు లోపల ఉన్నవారు కదా, ఏమంటారు?

సార్జెంట్_మధు
పద్మక్కా, భయపడటం సహజం, మా అమ్మ ఇప్పటికీ భయపడుతుంది. శాఖ ఇచ్చేది ర్యాంకు, ఇష్టం, ఆ శాఖ వాళ్ల ఇంటర్వ్యూలు అన్నీ చూసి, కాబట్టి ఒక్కటే పెట్టుకుని కూర్చోవద్దని చెప్పండి. నాలుగేళ్లు చేసి బయటికి రావాలనుకుంటే సైబర్ మంచిది. ఇదే జీవితం అనుకుంటే వాడి మాట వినండి. మా బెటాలియన్‌లో దక్షిణాసియా మూలాలున్న అధికారులు డాక్టర్లుగా, సిగ్నల్స్‌లో కనిపించారు. రైఫిల్ ప్లటూన్ ముందు నిలబడ్డ మన మూలాలున్న లెఫ్టినెంట్‌ను మాత్రం నేను ఇంతవరకు చూడలేదు. బాబును నాకు మెసేజ్ చేయమనండి. మా దగ్గర ఇన్‌ఫాంట్రీలో చేసిన ఒక కెప్టెన్ ఉన్నాడు, ఫోన్లో మాట్లాడిస్తాను. నిర్ణయం వాణ్నే తీసుకోనివ్వండి.